ఆయన అబద్ధం చెప్పలేదు

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "పొద్దుటి నుంచి కస్టమర్ల తిట్లే బాబాయ్, పైగా అందరూ అబద్ధాలే చెబుతారు" అన్నావు. ఆ రెండో మాట గురించే ఈ ఉత్తరం.

నీలాగే టెక్ సపోర్ట్ కాల్స్‌కి హెడ్‌సెట్ పెట్టుకున్న కొత్తలో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకాయన "కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చేశానయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి" అని అరిచాడు. టాస్క్ మేనేజర్ తెరిపించి, అప్ టైమ్, అంటే సిస్టమ్ కొత్తగా మొదలై ఎంతసేపైందో ఆ లెక్క, చదవమన్నాను. పంతొమ్మిది రోజులు. దొరికిపోయాడనుకున్నాను. నా గొంతులో వెటకారం ఆయనకు వినిపించింది, ఫోన్ పెట్టేశాడు.

ఆయన చెప్పింది నిజం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. కెర్నల్‌ను, అంటే విండోస్‌ను నడిపే అసలు భాగాన్ని, డిస్క్‌లో దాచి, మళ్లీ దాన్నే లేపుతుంది. అప్ టైమ్ లెక్క పెరుగుతూనే ఉంటుంది. రీస్టార్ట్ కొడితేనే సున్నా నుంచి మొదలు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆయనకు సారీ చెప్పే దారి లేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే "చేశారా?" అని అడగకు, నీతోపాటు చేయించు. "కేబుల్ సరిగ్గా ఉందా?" అంటే ఎవరైనా ఉందనే అంటారు. "ఒకసారి తీసి, క్లిక్‌మని చప్పుడు వచ్చేదాకా పెట్టండి" అను. రూటర్ ప్లగ్ తీయించాక ముప్పై సెకన్లు ఆగమనేది ఊరికే కాదు, లోపల కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్లలో మిగిలింది పోవాలి. ఆ ముప్పై సెకన్లూ మౌనంగా ఉండకు, ఎప్పటి నుంచి ఇబ్బందో అడుగు. చాలామంది కోపం అక్కడే చల్లారుతుంది.

ఒక్కో కాల్ తొందరగా ముగించాలన్న టెన్షన్ నాకు తెలుసు. కానీ తొందరపడి ముగించిన కాల్ మళ్లీ వస్తుంది, రెట్టింపు కోపంతో. టికెట్‌లో, అంటే ఆ ఫిర్యాదు రికార్డులో, ఏమేం ప్రయత్నించారో వివరంగా రాయి. చెప్పిందే నలుగురికి చెప్పాల్సి రావడమే మనుషులకు ఎక్కువ మంట. నీ వల్ల కానిది పై లెవెల్‌కి పంపడానికి సిగ్గుపడకు.

బూతులు మాత్రం భరించకు తల్లీ. ఒకసారి హెచ్చరించు, ఆపకపోతే మీ రూల్ ప్రకారం కాల్ కట్ చెయ్యి. తర్వాతి కాల్ ఎత్తే ముందు లేచి నాలుగు గుక్కలు నీళ్లు తాగు.

ఆదివారం ఫోన్ చెయ్యి. రోజూ అదే టైమ్‌కి నెట్ పోతోందన్న ఆ పెద్దావిడ కేసు ఏమైందో చెప్పు.

మీ బాబాయ్