పిక్క పట్టేస్తోందని నడక మానకండి

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట చూసుకుంటాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రోజుకు ఒక కట్ట బీడీలు కాలుస్తాను. ఏడాదిగా రెండు వందల గజాలు నడిస్తే చాలు, కుడి పిక్క పట్టేస్తోంది. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే. నడుము నరం అని చెప్పి ఆరు నెలలు నొప్పి మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. ఇప్పుడు డాప్లర్ స్కాన్ తీసి, తొడలో రక్తనాళం మూసుకుపోతోందన్నారు. ఏబీఐ కుడివైపు 0.62, ఎడమవైపు 0.94 అని రాశారు. వెంటనే స్టెంట్ వేయిద్దామంటాడు మా అబ్బాయి. నడిస్తే కాలు ఇంకా పాడవుతుందని చుట్టాలంటారు. ఈ ఏడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. కాలు తీసేస్తారేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ‘నిలబడితే పోతుంది’ అన్నది. నడుము దగ్గర నరం నొక్కుకుపోయినవాళ్లకు ఊరికే నిలబడితే నొప్పి తగ్గదు. కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. రక్తం చాలక వచ్చే నొప్పి మాత్రం నిలబడ్డచోటే తగ్గిపోతుంది. ఈ ఒక్క తేడా అడిగి తెలుసుకుని, పాదం మీద నాడి పట్టి చూసి ఉంటే మీకు ఆరు నెలలు కలిసొచ్చేవి. ఆ నొప్పి మాత్రలు ఇంకా వేసుకుంటుంటే ఈ రోజే ఆపండి. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి మంచివి కావు. ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

మీ తోటలో డ్రిప్ పైపు లోపల ఉప్పు పేరుకున్నప్పుడు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఆ తేడా తెలియదు, ఎండాకాలంలో చెట్టు వాడిపోతుంది. మీ కాలూ అంతే. కూర్చున్నప్పుడు పిక్కకు ఆ కాస్త రక్తం సరిపోతుంది, నడిచినప్పుడు చాలదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె ఏబీఐ. అది 0.9, లేదా అంతకన్నా తక్కువ ఉంటే కాలి ధమనుల జబ్బు ఉన్నట్టే. మీ కుడికాలికి 0.62 అంటే అనుమానమే లేదు. ఎడమకాలికి వచ్చిన 0.94ను మాత్రం నేను పూర్తిగా నమ్మను. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నాళాల గోడలు గట్టిపడి, ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కాలి బొటనవేలి దగ్గర బీపీ కొలిచే పరీక్ష ఉంది, అది అడిగి చేయించుకోండి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని భయం గురించి. నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చేవాళ్లలో, ఐదేళ్లలో కాలు తీయాల్సి వచ్చేది నూటికి 1 నుంచి 3 మందికేనని చాలాకాలంగా ఉన్న అంచనా. షుగర్, బీడీ రెండూ ఉన్న మీకు అంతకన్నా ఎక్కువే, దాచను. కానీ అదే ఐదేళ్లలో నూటికి 20 మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది, 10 నుంచి 15 మంది చనిపోతారు, అందులోనూ ఎక్కువమంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే. మీరు కాలి గురించి భయపడుతున్నారు, నేను మీ గుండె గురించి భయపడుతున్నాను. తొడలో పేరుకున్న కొవ్వు గుండె నాళాల్లోనూ, మెడ నాళాల్లోనూ పేరుకుని ఉండొచ్చు. అందుకే నడక మొదలుపెట్టేముందు ఈసీజీ, గుండె స్కాన్ అయిన ఎకో తీయించుకోండి.

నడిస్తే కాలు పాడవుతుందన్న మాట తప్పు. మీ స్థితిలో నడకే మందు. 2012లో అమెరికాలో క్లెవర్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. పొత్తికడుపు దగ్గరి పెద్ద ధమనుల్లో అడ్డంకి ఉన్న 111 మందిలో కొందరికి స్టెంట్ వేశారు, కొందరితో దగ్గరుండి నడిపించారు, కొందరికి మందులు మాత్రమే ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే నడవగలిగే సమయం అందరికన్నా ఎక్కువ పెరిగింది నడిచినవాళ్లకే. వాళ్లకు సగటున 5.8 నిమిషాలు పెరిగితే, స్టెంట్ వేసినవాళ్లకు 3.7, మందులవాళ్లకు 1.2 నిమిషాలు పెరిగింది. స్టెంట్ బాగా నిలిచే పెద్ద నాళాల్లోనే ఫలితం ఇలా ఉంది. మీకు అడ్డంకి తొడలో ఉంది. కాలు కదిలినప్పుడల్లా ఆ నాళం వంగుతుంది, మెలిపడుతుంది, అక్కడ వేసిన స్టెంట్ మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అలాగని మీ అబ్బాయి మాట కొట్టిపారేయడం లేదు. స్టెంట్ వేశాక నడక శిక్షణ కూడా ఇస్తే, ఉత్త నడక కన్నా మంచి ఫలితం వచ్చిందని 2015లో ఇరేజ్ పరిశోధన చూపింది. మూడు నుంచి ఆరు నెలలు మనసు పెట్టి నడిచాక కూడా తోట పని చేసుకోలేకపోతుంటే, అప్పుడు స్టెంట్ గురించి మాట్లాడదాం.

ఎలా నడవాలన్నది ముఖ్యం. హాయిగా, నొప్పి రాకుండా నడిస్తే లాభం లేదు. 305 మందిని ఏడాదిపాటు చూసిన లైట్ అనే పరిశోధనలో, నొప్పి తెలిసేలా జోరుగా నడిచినవాళ్లకు ఆరు నిమిషాల్లో నడిచే దూరం పెరిగింది, నెమ్మదిగా నడిచినవాళ్లకు పెరగలేదు. పిక్క పట్టడం మొదలయ్యాక ఇంకొంచెం సాగండి. బాగా నొప్పి పుట్టాక ఆగండి. పూర్తిగా తగ్గాక మళ్లీ బయల్దేరండి. ఆగిన సమయంతో కలిపి ముప్పై నిమిషాలతో మొదలుపెట్టి నలభై ఐదు దాకా పెంచండి. వారానికి కనీసం మూడు రోజులు, కనీసం పన్నెండు వారాలు. దీంతో అడ్డంకి కరిగిపోదు. ఉన్న రక్తంతోనే ఎక్కువ పని చేయడం కండరం నేర్చుకుంటుంది. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం అనిపిస్తే మాత్రం ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బీడీ మానకపోతే ఇందులో ఏదీ నిలబడదు. తగ్గించడం కాదు, మానేయాలి. మీ ఒక్కరి వల్ల కాకపోతే నికోటిన్ గమ్, మాత్రలు ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి.

మందుల్లో కొవ్వు తగ్గించే స్టాటిన్ తప్పనిసరి, మీకు కొలెస్ట్రాల్ మామూలుగానే ఉందన్నా సరే. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి. బీపీ 130/80 లోపు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఒకటి వేసుకోవాలి. 1996లో 19,185 మందితో చేసిన కాప్రీ పరిశోధనలో, కాలి ధమనుల జబ్బు ఉన్నవాళ్లకు క్లోపిడోగ్రెల్ ఎక్కువ మేలు చేసింది, నేనూ అటే మొగ్గుతాను. ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే మరో మందు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే గుండెకు, కాలికి ముప్పు తగ్గుతుందని 2017లో కంపాస్ పరిశోధనలో తేలింది. కానీ రక్తస్రావం కూడా పెరిగింది. మీ కిడ్నీలు, కడుపు పుండ్ల సంగతి చూడకుండా అది వద్దు. నడిచే దూరం పెంచే సిలోస్టజాల్ ఉంది, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఎకో తీయించుకోమన్నది అందుకు కూడా. షుగర్‌కు వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో ఇలాంటివాళ్లు నడిచే దూరం పెరిగిందని 2025లో స్ట్రైడ్ పరిశోధన చెప్పింది. మీ షుగర్ డాక్టర్‌తో మాట్లాడండి.

మీ మొక్కు విషయం. అలిపిరి దారిలో మూడు వేల ఐదు వందలకు పైగా మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర నిట్టనిలువు ఎక్కుడు. అందులోనూ చాలామంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. మీ గుండె సంగతి తేలకుండా, పాదాల్లో స్పర్శ ఎంత ఉందో చూడకుండా ఈ ఏడు వద్దు. రాయి గుచ్చుకున్నా తెలియని పాదంతో ఎక్కితే, కొండమీద తగిలిన చిన్న గాయం కాలు తీసేదాకా తెస్తుంది. మొక్కు తీర్చొద్దనడం లేదు, వాయిదా వేసుకోమంటున్నాను. కాలు బాగుచేసుకుని వస్తానంటే స్వామి కాదనడు.

రాత్రి పడుకున్నప్పుడు పాదంలో నొప్పి వచ్చి, కాలు మంచం కిందికి వేలాడదీస్తేగానీ తగ్గకపోతే, పుండు రెండు వారాలైనా మానకపోతే, వేలు నల్లబడితే, నడక పక్కనపెట్టి వెంటనే రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్లండి. మీకు తిరుపతి స్విమ్స్ ఉంది, వేలూరు సీఎంసీ ఇంకా దగ్గర. కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే అది గంటల్లో తేలాల్సిన పని, తెల్లారేదాకా ఆగొద్దు.

కాపడం పెట్టొద్దు, వేడినీళ్లలో కాళ్లు ముంచొద్దు. కాలినా మీకు తెలియకపోవచ్చు. తోటలోకి మెత్తటి బూట్లతోనే వెళ్లండి, తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. రాత్రి పడుకునేముందు రెండు పాదాలూ, వేళ్ల సందులతో సహా, లైటు వేసి మీ ఇంట్లోవాళ్లను చూడమనండి. అరికాలు మీకు కనిపించదు, వాళ్లకు కనిపిస్తుంది.