మాజ్డా కంపెనీ కథేంటి? ఆ కార్లు వాడేవాళ్లు ఏమంటారు?

మాజ్డా అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్డా లారీలు, మినీ బస్సులే. కార్లు ఇండియాలో అమ్మరు కాబట్టి వాటి గురించి చెప్పేది ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లే.

కంపెనీ పుట్టింది 1920లో, జపాన్‌లోని హిరోషిమాలో, బెండు సరుకు తయారు చేస్తూ. 1931లో మూడు చక్రాల బండ్లు మొదలుపెట్టింది. 1945లో అణుబాంబు పడ్డప్పుడు హిజియామా అనే చిన్న గుట్ట అడ్డుండటంతో ఫ్యాక్టరీ చాలావరకు నిలిచింది. ఊళ్లో ప్రభుత్వ ఆఫీసు బూడిదైపోతే కొన్నాళ్లు ఈ ఫ్యాక్టరీ భవనంలోనే నడిచింది. ఆ ఏడాది డిసెంబరుకే బండ్ల తయారీ మళ్లీ మొదలైంది!

1967లో కాస్మో స్పోర్ట్ అనే కారుతో రోటరీ ఇంజిన్ తెచ్చారు. ఇందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్ గుండ్రంగా తిరుగుతుంది. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల కారు రేసు గెలిచింది ఈ రకం ఇంజిన్‌తోనే. చిక్కల్లా ఆ మూలల దగ్గర గ్యాస్ లీకవకుండా ఆపే సీళ్లతోనే. అవి ఎండిపోకుండా ఇంజినే కొంత ఆయిల్ లోపలికి వదిలి కాల్చేస్తుంది. అందుకే ఈ ఇంజిన్‌తో వచ్చిన ఆర్‌ఎక్స్-8 కారు ఉన్నవాళ్లు డిక్కీలో ఆయిల్ డబ్బా పెట్టుకుని తిరుగుతారు.

ఇప్పటి సీఎక్స్-5, మాజ్డా 3 మామూలు పిస్టన్ ఇంజిన్ బండ్లే, ఆ టెన్షన్ లేదు. స్టీరింగ్ చెప్పినట్టు వింటుందని అందరూ మెచ్చుకుంటారు, వెనక సీటు ఇరుకని గొణుగుతారు. పాత మాజ్డా 3 కొంటుంటే మాత్రం చక్రాల పైనున్న అంచుల్లో వేలు పెట్టి తుప్పు చూడండి.