టికింటర్‌లో "నో" నొక్కినా వరుస ఎందుకు తొలగిపోతోంది?

టికింటర్ అంటే పైథాన్‌లో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ. దానితో రాసిన మీ ప్రోగ్రాంలో పట్టికలోని వరుసను తొలగించే ముందు "నిజంగా తొలగించాలా?" అని అడుగుతున్నారు, "నో" నొక్కినా అది పోతోంది అంటున్నారు. మీరు వాడింది మెసేజ్‌బాక్స్‌లోని (ఇలా అడిగే పెట్టెలను చూపే టికింటర్ భాగం) ఆస్క్‌క్వశ్చన్. అది "యెస్" లేదా "నో" అనే స్ట్రింగ్‌ను తిరిగి ఇస్తుంది. ఖాళీగా లేని స్ట్రింగ్ ఏదైనా పైథాన్ లెక్కలో నిజమే. అందుకే దాన్ని నేరుగా ఇఫ్ పక్కన పెడితే "నో" కూడా ఒప్పుకున్నట్టే అవుతుంది. దాని బదులు ఆస్క్‌యెస్‌నో పెట్టండి. అది ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది. మీ సమస్య అక్కడితో తీరుతుంది.

కానీ మీ ప్రశ్నలో నాకు భయం పుట్టించిన మాట ఇంకొకటి ఉంది: ప్రతి బటన్‌కూ ఇలాగే అడిగే పెట్టె పెడతానన్నారు. నేనూ అదే చేశాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణానికి మిర్చి తూకాల ప్రోగ్రాం రాసినప్పుడు, ఒక్కో బస్తా బరువు ఎక్కించగానే "సేవ్ చేయాలా?" అని అడిగేలా పెట్టాను. 42 బస్తాల రైతు వస్తే గుమస్తా 42 సార్లు ఎంటర్ కొట్టాలి. సీజన్‌లో యార్డు నిండినప్పుడు ఆ పెట్టెను చదివే తీరిక ఎవరికి ఉంటుంది? వేలు దానంతట అదే ఎంటర్ మీదికి వెళ్లేది. ఒకరోజు ఒక బస్తా బరువు సరిచేయబోయి, గుమస్తా ఆ రైతు మొత్తం లెక్కనే ఎంచుకుని డిలీట్ నొక్కాడు. "ఖచ్చితమా?" అని పెట్టె వచ్చింది. ఎంటర్ కొట్టాడు. 42 బస్తాలూ పోయాయి. దడువాయి (తూకం వేసే మనిషి) రాసిన తక్‌పట్టీ (తూకం చీటీ) చేతిలో ఉంది కాబట్టి మళ్లీ ఎక్కించగలిగాం. అది దొరికేదాకా ఆ రైతు కౌంటర్ ముందు నిలబడే ఉన్నాడు. ఆ తప్పు నాది, గుమస్తాది కాదు.

ఆ రాత్రే సేవ్ దగ్గరి పెట్టె తీసేశాను. డిలీట్ దగ్గర ఉంచాను గానీ మాట మార్చాను: రైతు పేరు, ఆ వెంట "42 బస్తాల తూకం మొత్తం తొలగిపోతుంది. తొలగించాలా?" ఏం పోతుందో పెట్టెలోనే కనబడాలి. విండోస్‌లో ఆస్క్‌యెస్‌నో మామూలుగా "యెస్"నే ముందు ఎంచి పెడుతుంది, ఎంటర్ దానికే తగులుతుంది. డిఫాల్ట్ అనే ఆప్షన్‌కు మెసేజ్‌బాక్స్‌లోని నో విలువ ఇస్తే ఎంటర్ "నో" మీద పడుతుంది. ఐకాన్‌ను వార్నింగ్‌గా మార్చండి. పేరెంట్‌గా మీ విండోను ఇస్తే పెట్టె వేరే విండో వెనక దాక్కోదు.

బటన్ల మీద "తొలగించు", "ఉంచు" అని తెలుగులో కావాలంటే ఈ పెట్టెతో కుదరదు, ఆ మాటలు విండోస్ తన భాషలో తనే వేస్తుంది. టాప్‌లెవెల్‌తో (టికింటర్‌లో కొత్త విండో తెరిచేది) సొంతంగా చేసుకోండి. గ్రాబ్‌సెట్ పెడితే ప్రోగ్రాంలోని మిగతా విండోలు నొక్కుడుకు అందవు, వెయిట్‌విండో పెడితే జవాబు వచ్చేదాకా కోడ్ ఆగుతుంది.

వీలైతే అసలు తొలగించకండి. ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) పట్టికలో "రద్దు" అనే కాలమ్ చేర్చి, తొలగించాల్సిన వరుసలో 1 పెట్టండి, తెర మీద ఆ వరుస చూపించకండి. "వెనక్కి తీసుకో" బటన్ రాయడం పది నిమిషాల పని. నా ప్రోగ్రాంలో ఇప్పుడు గుమస్తా ఎక్కువగా వాడే బటన్ అదే.