ముందు కన్ను నిలవనీ

పెరంబూరు, చెన్నై
2021 మే 26

చిరంజీవి శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీ అమ్మ ఏడుపులో నాకు అందిన మాట ఒక్కటే: "వాడి కన్ను తీసి వేరే కన్ను పెడతారట." కన్ను తీయరు. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలాంటి పొర ఉంటుంది, కార్నియా. అందులో చెడిన భాగాన్ని గుండ్రంగా కోసి తీసి, దాతల పొరను ఆ మేరకు కుడతారు. నిరుడు లాక్‌డౌన్‌లో నా ఎడమ కంటికి చేసింది అదే. టీవీలో చెబుతున్న బ్లాక్ ఫంగస్ వేరు, అది ముక్కు దారిన పాకేది. నీది వరి వెన్ను గీసుకున్నచోట పట్టిన ఫంగస్.

నన్ను కొట్టింది కొబ్బరి మట్ట. మర్నాడే డాక్టరు దగ్గరికి పోక, మందుల షాపువాడు ఎర్రకంటికని ఇచ్చిన చుక్కలు వారం వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందట. ఫంగస్‌కు అది ఎరువే. నువ్వూ అలాంటిది వాడి ఉంటే సిగ్గుపడక ఆ సీసా డాక్టరుకు చూపించు.

గ్లిజరిన్‌లో నిలవ ఉంచిన పొర వేస్తామన్నారని వెనకాడుతున్నావట. కరోనాతో పోయినవారి కళ్లు తీసుకోరు. మామూలుగా పోయినా ఆరు గంటల్లోపు సేకరించాలి, ఈ రోజుల్లో ఏ ఇంటికి ఎవరు రాగలరు? దేశంలో మొదటి ఐ బ్యాంకు 1945లో మన ఎగ్మూరు కంటాసుపత్రిలోనే పెట్టారు. అలాంటి ఊళ్లోనే నిరుడు తాజా పొర దొరకలేదు. మంచి ద్రావణంలో ఉంచినా అది రెండు వారాలకు మించి నిలవదు, గ్లిజరిన్‌లో అయితే నెలల తరబడి ఉంటుంది. దాని లోపలి కణాలు మాత్రం బతికి ఉండవు. అందుకే తేటగా ఉండదు, చూపు ఇవ్వదు.

అయినా ఒప్పుకో. పుండు ఇంకా లోతుకు దిగి కన్ను చిల్లిపడితే తరువాత ఏ పొర దొరికినా చేయగలిగేది తక్కువ. ఇప్పుడు చేసేది ఆ పుండును తీసేసి కన్ను దక్కించుకునే పని. చూపు కోసం తాజా పొరతో మరోసారి చేయవచ్చు. నేనింకా ఆ వరుసలోనే ఉన్నాను, ఈ ఉత్తరం కుడి కంటితోనే రాస్తున్నాను.

ఆపరేషన్ కంటే చుక్కలే విసిగిస్తాయి. ఫంగస్‌కిచ్చే నాటామైసిన్ చుక్కలు గంటకోసారి అన్నారంటే రాత్రి కూడా వేయాలి. అలారం పెట్టుకో. సీసా కుదిపి వెయ్యి, మందుకూ మందుకూ మధ్య ఐదు నిమిషాలు ఆగు. శానిటైజర్ చేతితో కన్ను తాకకు, సబ్బుతో కడుక్కో. మాస్కు పై అంచుకు టేపు అంటించు, లేకపోతే నీ ఊపిరే కంటిని ఎండబెడుతుంది. కుట్లు చాలా నెలలు ఉంటాయి. ఈలోగా ఎరుపు, నొప్పి పెరిగినా, వెలుతురు భరించలేకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు, తెల్లవారనీ అనుకోకు.

ఆసుపత్రి చీటీ పెట్టి, లాక్‌డౌన్‌లో ప్రయాణానికి అడిగే ఇ-రిజిస్ట్రేషన్ ఈరోజే చేసుకో. తోడుకు లలిత ఒక్కతే చాలు, మీ అమ్మను ఈ కరోనాలో తిప్పకండి. మీ అత్తయ్య కింది గది ఖాళీ చేయించింది, మెట్లెక్కే పని లేదు.

మామయ్య