నేపాల్, భూటాన్ ఒకే ప్రయాణంలో: మేం ఆరుగురం వెళ్లొచ్చాక చెప్పగలిగింది

మీరు అడిగింది ఇదీ: వచ్చే దసరా సెలవుల్లో ఆరుగురు స్నేహితులు కలిసి నేపాల్‌లో ఒక ట్రెక్ చేసి, అటునుంచి అటే భూటాన్ వెళ్దామనుకుంటున్నారు. అక్కడివాళ్లను నొప్పించకుండా ఎలా వెళ్లాలి, ఎంతమంది పోర్టర్లు కావాలి, భూటాన్‌లో రోజువారీ రుసుము కట్టడం దండగ కదా అని. 2023లో మేమూ ఆరుగురమే, దాదాపు ఇదే దారి. లాంగ్‌టాంగ్ లోయ నడిచి, కాఠ్మాండూ తిరిగొచ్చి, విమానంలో భద్రపూర్ దిగి, మేచీ వంతెన దాటి, సిలిగురి, జైగావ్ మీదుగా ఫుంట్‌షోలింగ్ చేరాం.

అన్నిటికన్నా ముందు తేదీ మార్చుకోండి. మనకు దసరా సెలవులు కాబట్టి మనం అప్పుడు బయల్దేరతాం. నేపాల్‌లో అదే దశైం, ఏడాది మొత్తంలో వాళ్లకు అదే పెద్ద పండుగ. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు కూడా దానికోసం సెలవు దాచుకుని ఇంటికొస్తారు. విజయదశమి నాడు పెద్దవాళ్లు బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి పిల్లల నుదుట టీకా పెడతారు, నవరాత్రుల్లో చీకటి గదిలో మొలిపించిన బార్లీ మొలకలు తలలో పెట్టి దీవిస్తారు. మా గైడుది ధాదింగ్ జిల్లా. ఆ రోజు మేం లోయ చివరి ఊరు క్యాంజిన్ గోంపాలో, 3,870 మీటర్ల ఎత్తులో ఉన్నాం. లాడ్జీలో వైఫై అందే మూల ఒకటే ఉంది. అక్కడ నిలబడి ఆయన వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. ఆవిడ అటువైపు ఫోనుకే టీకా అద్దింది. ఇటు తెరంతా ఒక్కసారి ఎర్రబడింది. ఆయన తల వంచుకుని అలాగే కాసేపు నిలబడ్డాడు. పండగపూట ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "సీజన్ పోతే మళ్లీ పని ఎక్కడిది దీదీ" అన్నాడు. మా ఇంట్లో దసరాకు నేను లేనని మా అమ్మ పొద్దున్నే ఫోన్లో బాధపడింది. ఆ రెండు ఫోన్లూ ఒకే రోజువి. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేను.

విజయదశమి తర్వాత వచ్చే పౌర్ణమితో దశైం ముగుస్తుంది. దీపావళి ముందు త్రయోదశికి వాళ్ల తిహార్, అంటే వాళ్ల దీపావళి పండుగ, మొదలవుతుంది. ఆ రెండింటి మధ్య పన్నెండు రోజులుంటాయి, లాంగ్‌టాంగ్‌కు అవి చాలు. లేదా తిహార్ దాటాక నవంబరులో వెళ్లండి. కొండలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

పోర్టర్ల సంగతి. మేం మొదట మాట్లాడిన ఏజెంటు ఆరుగురికి ఇద్దరు చాలన్నాడు. మా సంచులు ఒక్కోటి 14 కిలోలు. అంటే మనిషికి 42 కిలోలు, దానిమీద వాళ్ల సొంత సామాను. లెక్క వేసి చెబితే "వాళ్లకు అలవాటే మేడం" అన్నాడు. ఆ మాట ఎవరు అన్నా సరే, అక్కడితో బేరం ఆపేయండి. మేం వేరేచోట ముగ్గుర్ని మాట్లాడుకుని, సంచులు 10 కిలోలకు తగ్గించుకున్నాం. ఒక్కొక్కరికి 20 కిలోలు పడ్డాయి. బరువంతా నామ్లో అనే పట్టీతో నుదుటి మీద మోస్తారు. సాయంత్రం పట్టీ తీసేశాక నుదుట అడ్డంగా గాడి కనిపిస్తుంది. అది దగ్గర్నుంచి చూస్తే, పనికొస్తుందేమోనని మూడో స్వెట్టర్ సర్దుకోవడానికి చేయి రాదు.

ముగ్గురిలో ఒక కుర్రాడు పల్చటి కాన్వాస్ బూట్లతో వచ్చాడు. మేం అది చూసింది నడక మొదలయ్యే ఊరు శ్యాఫ్రుబెంసీలో బస్సు దిగాక. అక్కడ దొరికిన బూట్లే కొన్నాం, అవి అతనికి సరిగ్గా పట్టలేదు కూడా. మీరు కాఠ్మాండూలోనే అందర్నీ ఒకసారి కలిసి, బూట్లు, జాకెట్, గ్లౌజులు ఉన్నాయో లేదో చూడండి. పోర్టర్లకు బీమా చేయించడం ఏజెన్సీ బాధ్యత, ఆ కాగితం చూపించమని అడగండి. పోర్టర్లలో చాలామంది దిగువ కొండ ఊళ్లవాళ్లు. ఎత్తు వల్ల మనకొచ్చే తలనొప్పి, వాంతులు వాళ్లకూ వస్తాయి. ఎవరూ అడగకపోతే చెప్పరు, ఎందుకంటే చెబితే ఆ రోజు కూలీ పోతుందని భయం. రోజూ రాత్రి ముందు వాళ్లను అడగండి. చివర్లో టిప్పు గైడు చేతికి మొత్తంగా ఇవ్వకుండా, ఎవరిది వాళ్ల చేతికి ఇవ్వండి.

ఇప్పుడు మనవాళ్ల గురించి ఒక మాట. థాయిలాండో యూరపో వెళ్తే మనం కాస్త ఒదిగి ఉంటాం, అక్కడి పద్ధతులు చదువుకుని వెళ్తాం. నేపాల్ అనేసరికి గుళ్లూ దేవుళ్లూ మనవే, హిందీ అర్థమవుతుంది, ఐడీ కార్డుతో వెళ్లిపోవచ్చు కదా అని ఆ జాగ్రత్త వదిలేస్తాం. నొప్పించేది అక్కడే. మన ఊళ్లలో రాత్రిపూట ఈల వేసుకుంటూ తిరిగే కాపలాదారుణ్ణి చిన్నప్పటినుంచీ "గూర్ఖా" అని పిలిచాం, అతని పేరు అడిగింది ఎప్పుడు? మాలో ఒకరు మొదటిరోజే టీ తెచ్చిన పెద్దాయన్ని "బహదూర్" అని పిలిచారు. ఆయన ఏమీ అనలేదు. మా గైడు మాత్రం తర్వాత పక్కకు తీసుకెళ్లి, "ఇండియాలో మా నాన్నను పదేళ్లు అలాగే పిలిచారు, ఆయన పేరులో బహదూర్ లేనే లేదు" అన్నాడు. పెద్దవాళ్లయితే దాయి, దీదీ, చిన్నవాళ్లయితే భాయి, బహినీ. మనం అన్నా, అక్కా, తమ్ముడూ అన్నట్టే. లాంగ్‌టాంగ్‌లో ఉండేది ఎక్కువగా తమాంగ్ జాతివాళ్లు. వాళ్లకు నేపాలీ కాక సొంత భాష ఉంది, నమస్కారానికి "ల్హాసో" అంటారు. ఆ ఒక్క మాటకే అవ్వల ముఖాలు విప్పారేవి.

మనకు నేర్పక్కర్లేనివీ ఉన్నాయి. వాళ్ల "జూఠో" మన ఎంగిలే. తినే చేత్తో గిన్నె ముట్టకపోవడం, సీసా పెదాలకు తగలకుండా పైకెత్తి తాగడం మన ఇళ్లలో చూసినవే. ఆవకాయ సీసాలో తింటున్న స్పూను ముంచకుండా ఉంటే చాలు.

పొయ్యి దగ్గర మాత్రం మేం తప్పు చేశాం. లాడ్జీ హాలు మధ్యలో ఇనప పొయ్యి ఉంటుంది, సాయంత్రమైతే అందరూ దాని చుట్టూ చేరతారు. మాలో ఒకరు నారింజ తొక్కలు, ముక్కు తుడుచుకున్న టిష్యూ తీసి అందులో వేసేశారు. సాహునీ, అంటే లాడ్జీ నడిపే ఆవిడ, ఏమీ మాట్లాడకుండా వచ్చి పటకారుతో సగం కాలిన టిష్యూ బయటికి తీసి, చేతులు కడుక్కుని, నిప్పులో కాస్త ధూపం వేసింది. అగ్నిలో చెత్త వేస్తే పొయ్యి మైలపడుతుందని వాళ్ల నమ్మకం. పొయ్యి అలికి ముగ్గేసి గానీ వెలిగించని మా అమ్మమ్మ గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు. మర్నాటినుంచి ఆరుగురం ఒకే టైముకి, ఒకే వంట చెప్పాం. ఆరు రకాలు చెబితే ఆవిడకు ఆరు పొయ్యిల పని, ఆ ఎత్తుకు కట్టెలూ గ్యాసూ చేర్చడం ఎంత కష్టమో దారంతా చూశాం కదా.

లాంగ్‌టాంగ్ ఊరికి చేరేముందు పెద్ద రాళ్ల మేట మీదుగా నడుస్తారు. 2015 ఏప్రిల్ 25 భూకంపానికి పైనుంచి విరిగిపడిన మంచు, రాళ్లు పాత ఊరిని మొత్తం కప్పేశాయి. ఆ ఊరు మీ కాళ్ల కిందే ఉంది. చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారకం దగ్గర ఆగి, చదివి, నడవండి. అక్కడ గ్రూప్ ఫొటో వద్దు. దారిలో మంత్రాలు చెక్కిన మణి గోడలు వస్తే, గోడ మీ కుడిచేతివైపు ఉండేలా దాటాలి. ప్రదక్షిణ అనుకుంటే మర్చిపోరు.

భూటాన్ వెళ్లే దారిలో, నేపాల్ దాటేముందు, భద్రపూర్ ఉన్న ఝాపా జిల్లా వస్తుంది. గూగుల్ మ్యాప్‌లో అదొక మైదానం, అంతే. కానీ 1990ల మొదట్లో భూటాన్ నుంచి వెళ్లగొట్టబడిన నేపాలీ మాట్లాడే లక్షమందికి పైగా జనం ఇక్కడా, పక్కనున్న మోరంగ్ జిల్లాలోనూ ఉన్న శిబిరాల్లోనే ఏళ్ల తరబడి బతికారు. 2007 తర్వాత ఎక్కువమంది అమెరికా, ఇతర దేశాలకు తరలిపోయారు. ఆనందాన్ని లెక్కగట్టే దేశమని భూటాన్‌ను పొగిడేముందు ఇది తెలిసి ఉండాలని నా ఉద్దేశం. అలాగని భూటాన్ గైడును కారులో కూర్చోబెట్టి నిలదీయకండి. అతని ఉద్యోగం అతనికి ముఖ్యం.

భూటాన్ రుసుము మన భారతీయులకు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు. మిగతా దేశాల్లో ఎక్కువమందికి 100 డాలర్లు. అది దండగ కాదు. అక్కడ ప్రజలకు వైద్యం ఉచితం, బడి చదువు ఉచితం, భూభాగంలో కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ ఖర్చులో మనమూ ఒక పాలు కడుతున్నాం. డబ్బు చాలకపోతే రాత్రులు తగ్గించుకోండి. మేం ఏడు అనుకున్నది ఐదు చేసుకున్నాం, లోటేమీ అనిపించలేదు.

జోంగ్‌లోకి, అంటే మఠమూ ప్రభుత్వ ఆఫీసులూ కలిసుండే కోటలోకి, వెళ్లేముందు మా గైడు గేటు దగ్గర ఆగి, సంచిలోంచి తెల్లటి కబ్నే, అంటే ఉత్తరీయం, తీసి భుజం మీంచి అడ్డంగా వేసుకున్నాడు. మేం టోపీలు తీసేశాం. నిండు చేతుల కాలర్ చొక్కా, ప్యాంటు ఒక జత దీనికోసం ఉంచుకోండి. గుడి లోపల ఫొటోలు తీయకూడదు.

దోచులా కనుమలో 108 ఛోర్టెన్లు, అంటే బౌద్ధ స్తూపాలు, ఉన్నాయి. 2003లో, భూటాన్ అడవుల్లో దాక్కుని మన అస్సాంలో దాడులు చేసే సాయుధ ముఠాలను తరిమేటప్పుడు చనిపోయిన భూటాన్ సైనికుల జ్ఞాపకార్థం కట్టినవి. 2019లో మనదేశం నుంచి వెళ్లిన ఒక బైకర్ అక్కడ ఛోర్టెన్ మీదికెక్కి ఫొటో దిగాడు. ఎవరికోసం కట్టారో తెలిసుంటే ఎక్కేవాడు కాదనే అనుకుంటాను. మేం అక్కడినుంచి పునాఖా వైపు పాతకాలపు కాలిబాట పట్టుకుని ఒక పూట దిగాం. పూర్వం జోంగ్‌ల మధ్య ఉత్తరాలు మోసినవాళ్లు నడిచిన 403 కిలోమీటర్ల దారిని బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. ట్యాక్సీ బదులు ఆ పూట నడవండి.

కాగితాలు: పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ, అసలుదే తీసుకెళ్లండి. భూటాన్ పర్మిట్‌కు పెద్దవాళ్ల ఆధార్ చెల్లదు.