వాలంటీరింగ్‌కి పంపితే చదువు దెబ్బతింటుందా? – సమాధానం

ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదివే అమ్మాయి వాలంటీరింగ్ అంటోందని, మార్కులు తగ్గుతాయేమోనని టెన్షన్ పడుతున్నారు కదండీ. పంపించండి, కాకపోతే వారానికి ఒక్క పూటే అని ముందే చెప్పండి. వాలంటీరింగ్‌కి ఇచ్చే సర్టిఫికెట్ నీట్, జేఈఈలకు పనికిరాదు. కొన్ని విదేశీ కాలేజీలైతే చూస్తాయి.

అసలు లాభం వేరే ఉంది. మన చెన్నైలోనే 1988 నుంచి ఒక విద్యార్థుల బృందం సముద్రపు తాబేళ్ల గుడ్లు కాపాడుతోంది. జనవరి నుంచి మార్చి దాకా నీలాంకరై, బెసంట్ నగర్ తీరంలో రాత్రిళ్లు ఇసుక మీద తాబేలు జాడ వెతుక్కుంటూ నడుస్తారు. గూడు దొరికితే మెల్లగా తవ్వి, సుమారు 100 గుడ్లు ఒక్కటీ పగలకుండా హ్యాచరీకి (గుడ్లు భద్రంగా పొదిగే చోటికి) చేర్చాలి. ఓపిక నేర్పడానికి ఇంతకంటే మంచి ట్యూషన్ ఎక్కడుంది చెప్పండి! రాత్రిపూట భయమైతే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. శనివారం పెట్టుకుంటే మర్నాడు హాయిగా నిద్రపోవచ్చు.