నాన్న రాత్రి రెండింటిదాకా ఈ పుస్తకాలే చదువుతున్నారు

ప్రశ్న: నా వయసు 39. బెంగళూరులో ఉద్యోగం. అమ్మ పోయి తొమ్మిది నెలలైంది. నాన్న (68) హైస్కూల్లో సైన్స్ మాస్టారుగా రిటైరై తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. వేసవి సెలవుల్లో మా అబ్బాయి పుస్తకాలు చదువుకునే తన పాత కిండిల్ ఆయనకిచ్చి, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలల జాబితా ఒకటి రాసిచ్చి వచ్చాడు. అప్పట్నుంచి రాత్రి రెండింటిదాకా అదే పని. ఒక నవలైతే మూడుసార్లు చదివారు. నేను ఫోన్ చేస్తే "కథ మంచి పట్టులో ఉందమ్మా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తారు. అన్నయ్యేమో "చిన్నపిల్లల పుస్తకాలు చదువుతున్నాడు, మతి తప్పుతోందేమో" అంటున్నాడు. పెదనాన్న భాగవతం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు. విసుగొచ్చి, కిండిల్లో పుస్తకాలు కొనడానికి పెట్టిన నా బ్యాంకు కార్డు తీసేశాను. నాన్న ఏమీ అనలేదు గానీ, ఫోన్లు ఇంకా తగ్గాయి. డాక్టరుకి చూపించాలా? ఇల్లు అమ్మించి ఇక్కడికి తెచ్చేసుకోవాలా? ఆ జాబితా జత చేస్తున్నాను.

జవాబు: ముందు ఆ కార్డు తిరిగి పెట్టేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఇన్నేళ్లూ తన జీతంతో ఇల్లు నడిపిన మనిషి, ఒక పుస్తకం కోసం కూతురిని నోరు తెరిచి అడగరు. ఫోన్ తగ్గించారు, అంతే. వీలైతే ఆయన పెన్షన్ ఖాతానే దానికి కలిపేయండి. ఏం కొనుక్కోవాలో ఆయనే చూసుకుంటారు.

ఇక "చిన్నపిల్లల పుస్తకాలు" అన్న మాట. మీ జాబితాలో 'త్రీ బాడీ ప్రాబ్లమ్' ఉంది. అది చైనాలో సాంస్కృతిక విప్లవం రోజుల్లో మొదలవుతుంది. ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ని అందరి ముందూ కొట్టి చంపుతుంటే ఆయన కూతురు చూస్తూ నిలబడిపోతుంది. లియు ట్సిషిన్ రాసిన ఆ నవల ఇంగ్లిష్ అనువాదానికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. చిన్నపిల్లల చేతికిస్తే జడుసుకుంటారు. బ్రాండన్ శాండర్సన్ 'స్టార్మ్‌లైట్' నవలలు ఒక్కొక్కటీ వెయ్యి పేజీలు దాటుతాయి. అయిదోది 2024 డిసెంబరులో వచ్చింది. ఎవరు ఎవరికి ఏమవుతారో, మొదటి భాగంలో పడ్డ ముడి ఎక్కడ విడిందో గుర్తు పెట్టుకుంటేగానీ అవి ముందుకు సాగవు. వాటిని వరసగా చదువుకుపోతున్న మనిషికి మతి తప్పుతోందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జాబితాలో నేను ఆగిపోయింది మాత్రం ఆయన మూడుసార్లు చదివిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' దగ్గర. ఆండీ వియర్ రాసింది, 2021లో వచ్చింది. దాని కథ మీకు తెలుసా? ఒక స్కూలు సైన్స్ మాస్టారికి అంతరిక్ష నౌకలో మెలకువ వస్తుంది. పక్క మంచాల మీద ఉన్న ఇద్దరూ చనిపోయి ఉంటారు. తన పేరేమిటో కూడా మొదట ఆయనకు గుర్తు రాదు. చేతికందిన వస్తువులు కింద పడేసి, ఎంతసేపట్లో పడుతున్నాయో లెక్క కట్టి, ఒక లోలకం కట్టి ఊపి చూసి, తానున్నది భూమ్మీద కాదని తేల్చుకుంటాడు. చాలా దూరం పోయాక ఒక తోడు దొరుకుతుంది. అది మనిషి కాదు. మాట తెలియదు, ఒకరు పీల్చే గాలి ఇంకొకరికి పనికిరాదు. లెక్కలతో, సైన్సుతో మొదలుపెట్టి మాట కలుపుకుంటారు.

అమ్మ పోయిన ఇంట్లో ఒక్కరే ఉంటున్న సైన్స్ మాస్టారు దాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు చదువుతున్నారో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరే అడగండి. "ఎందుకు చదువుతున్నావు" అని అడిగితే మాత్రం సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఆ మాస్టారు లోలకం ఎందుకు కట్టాడు నాన్నా?" అనండి. పాఠం చెప్పే అలవాటు ఎక్కడికీ పోదు, అరగంట మీరు ఫోన్ పెట్టలేరు.

పెదనాన్నగారి భాగవతం ఆ బల్ల మీదే ఉండనివ్వండి. తొమ్మిదో స్కంధంలో కకుద్మి అనే రాజు తన కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లి, కాసేపట్లో తిరిగొచ్చేసరికి భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయి ఉంటాయి. ఆ పేజీ కంటపడిందంటే మీ నాన్నగారు దాన్నీ వదలరు. పైగా ఆయనది 'చందమామ' సీరియల్ కోసం నెలంతా ఎదురుచూసిన తరం. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మీ నాన్నగారికి గుర్తున్నాయేమో అడిగి చూడండి. ఆ పత్రిక పెట్టినవారిలో ఒకరైన చక్రపాణిగారిది తెనాలే. ఈ వయసులో కొత్తగా పట్టిన పిచ్చి అని మీ అన్నయ్య అనుకుంటున్నారు గానీ, నాకు పాత అలవాటులాగే కనిపిస్తోంది.

రెండింటిదాకా మేలుకోవడం మాత్రం నాకూ నచ్చలేదు. తెనాలి వెళ్లి రెండు రోజులుండి చూడండి. పొద్దున ఎన్నింటికి లేస్తున్నారు, వండుకుంటున్నారా, లేక బిస్కెట్లతో సరిపెడుతున్నారా? మాత్రల షీటులో ఎన్ని మిగిలాయి? బట్టలు వదులయ్యాయా? నిన్న చదివింది ఇవాళ చెప్పలేకపోతున్నా, తిండి తగ్గి చిక్కిపోతున్నా, పుస్తకం కూడా పక్కన పడేసి శూన్యంలోకి చూస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. "ఇంక నేనెందుకు" అన్న మాట వస్తే ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఇవేవీ లేకపోతే ఒక్క కళ్ల పరీక్ష చేయించి, కిండిల్లో అక్షరాలు పెద్దవి చేసి రండి.

ఇప్పుడు చెప్పేది మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. ఇంత ఉత్తరంలో అమ్మ గురించి ఒక్క వాక్యం రాశారు. ఆవిడ గురించి మాట్లాడుకోవడానికి మీకు మిగిలింది నాన్న. ఆయనేమో పుస్తకంలో తల పెట్టేశారు. మీ కోపంలో చాలా భాగం అక్కడిదేనని నాకు అనిపిస్తోంది. అది కోపం తెచ్చుకోదగ్గ విషయమే. కానీ కార్డు తీసేస్తే ఆయనకు ఎలా తెలుస్తుంది? పిల్లలు లేకుండా మీరొక్కరే వెళ్లండి. "అమ్మ బీరువా ఇద్దరం కలిసి సర్దుదామా నాన్నా?" అని అడగండి. ఇప్పుడొద్దు అంటే ఊరుకోండి. ఆ బీరువా ముందు నిలబడలేకనే ఆయన రాత్రిళ్లు చదువుతూ ఉండొచ్చు. కనీసం మీరూ బాధపడుతున్నారని ఆయనకు తెలుస్తుంది.

ఇల్లు అమ్మే మాట సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ ఎత్తకండి. అయ్యాక కూడా ఆయన ఎత్తితేనే.

మీ అబ్బాయిని మాత్రం ఇందులోకి లాగకండి. తాతా మనవళ్లు పుస్తకాల గురించి ఏం మాట్లాడుకున్నా అది వాళ్ల సంగతి. తాతయ్య తిన్నాడా, పడుకున్నాడా అని వాడిచేత ఆరా తీయిస్తే ఆయన వాడితో కూడా మాట తగ్గించేస్తారు. అవి మీరే ఫోన్ చేసి అడగండి. రాత్రి ఎనిమిదిలోపు చేస్తే ఆయన ఇంకా పుస్తకం తెరిచి ఉండరు.